ట్రిపుల్ ఆప్షన్‌లో క్వార్టర్‌బ్యాక్ తడబడుతుంటే ముందు ఏం మార్చాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతా చదువరులకూ అర్థమవుతుంది. టెక్సస్‌లో మీ అబ్బాయి ఆడే 13 ఏళ్ల పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ యూత్ లీగ్ జట్టుకు మీరు సాయంగా వెళ్తూ వచ్చారు. సీజన్ మధ్యలో హెడ్ కోచ్ వేరే ఊరు వెళ్లిపోవడంతో అఫెన్స్ మొత్తం మీ నెత్తిన పడింది. మీ పిల్లలు బక్కపల్చగా ఉంటారు కానీ బాగా పరిగెత్తుతారు. అందుకే పాత కోచ్ ఫ్లెక్స్‌బోన్ ఫార్మేషన్‌లో ట్రిపుల్ ఆప్షన్ పెట్టారు. అంటే బంతిని ఫుల్‌బ్యాక్‌కు ఇవ్వడం, క్వార్టర్‌బ్యాక్ తానే ఉంచుకుని పరిగెత్తడం, పక్కన పరిగెత్తేవాడికి విసరడం (పిచ్), ఈ మూడింట్లో ఒకటి అప్పటికప్పుడు తేల్చుకునే ఆట. ప్రాక్టీస్‌లో మీ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) బాగానే చేస్తున్నాడు. మ్యాచ్‌లో మాత్రం తన వెనక నుంచి నేరుగా దూసుకొచ్చే ఫుల్‌బ్యాక్ పొట్ట దగ్గర బంతి పెట్టి, ఇవ్వాలా లాక్కోవాలా తేల్చుకోలేక ఆగిపోతున్నాడు. బంతి కింద పడుతోంది. దీన్ని వదిలేసి అందరిలా షాట్‌గన్‌లో (క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కు దూరంగా వెనక నిలబడే ఏర్పాటు) జోన్ రీడ్‌కు, అంటే ఒక్క డిఫెండర్‌ను చూసి తేల్చుకునే ఆటకు, మారాలా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను: వదలొద్దు, జోన్ రీడ్‌కూ మారొద్దు. వచ్చే రెండు వారాలు పిచ్‌ను పూర్తిగా తీసేయండి. మీ క్వార్టర్‌బ్యాక్‌కు ఒకే ఒక్క నియమం చెప్పండి. బంతి ఫుల్‌బ్యాక్‌దే. మనం బ్లాక్ చేయకుండా (అడ్డుకోకుండా) వదిలేసిన డిఫెండర్ ఫుల్‌బ్యాక్‌ను ఖచ్చితంగా పట్టేస్తాడని కళ్లతో చూస్తేనే వెనక్కి లాగు. సందేహం వచ్చిందంటే ఇచ్చేయడమే. మెష్, అంటే బంతి మీద క్వార్టర్‌బ్యాక్, ఫుల్‌బ్యాక్ ఇద్దరి చేతులూ ఉండే ఆ క్షణం, శుభ్రంగా జరుగుతోందని మీకు నమ్మకం కుదిరాక పిచ్ మళ్లీ తెచ్చుకోవచ్చు.

నా సంగతి రెండు ముక్కల్లో: ఒహాయోలో ఒక హైస్కూల్ జట్టుకు చాలా ఏళ్లుగా క్వార్టర్‌బ్యాక్‌లను, రన్నింగ్ బ్యాక్‌లను చూసుకుంటున్నాను. పగలు చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, కాబట్టి మీకు భయం అక్కర్లేదు. క్రికెట్ తప్ప ఏమీ తెలియకుండా వచ్చినవాళ్లు కూడా ఇది నేర్చుకోవచ్చు.

ఎందుకు తడబడుతున్నాడో చూద్దాం. మీరు రాసినదాన్ని బట్టి అతనికి చెప్పింది ఇది: "డిఫెన్సివ్ ఎండ్ లోపలికి వస్తే లాగు, బయట ఉంటే ఇవ్వు, మధ్యలో ఉంటే చూసుకో." ఆ మూడో ముక్కే చంపేస్తోంది. ప్రాక్టీస్‌లో ఎండ్‌గా, అంటే ఎదుటి లైన్ చివరివాడిగా, నిలబడేది మీరో, అతని స్నేహితుడో. ఇద్దరూ స్పష్టంగా లోపలికో బయటికో కదులుతారు. మ్యాచ్‌లో ఎదుటివాడు అంత మర్యాదగా ఉండడు, సగం లోపలికి వచ్చి ఆగుతాడు. "చూసుకో" అన్న మాటకు పదమూడేళ్ల కుర్రాడి దగ్గర సమాధానం ఉండదు. క్రికెట్‌లో పరుగుకు పిలిచేటప్పుడు ఏం జరుగుతుందో గుర్తుచేసుకోండి: "యస్" అని సగం దూరం దాటాక "నో" అనేవాడి వల్లే రనౌట్లు. ఇక్కడా అంతే. ఇవ్వకూడని చోట ఇస్తే మహా అయితే ఒకటి రెండు గజాల నష్టం. ఆలస్యంగా లాగితే ఫంబుల్.

ఇంకో కారణం లెక్కలో ఉంది. ఇది కోచ్‌గా మీకు తెలిసి ఉండాలి, పిల్లలకు చెప్పాల్సిన పనిలేదు. మామూలుగా బంతి చేతికిచ్చే ఆటలో క్వార్టర్‌బ్యాక్, పరిగెత్తేవాడు ఇద్దరూ బ్లాక్ చేయరు. మీ దగ్గర 9 మంది బ్లాకర్లు, ఎదుట 11 మంది. ఇద్దరు తక్కువ. ట్రిపుల్ ఆప్షన్‌లో పరిగెత్తగలవాళ్లు ముగ్గురు, బ్లాకర్లు 8 మందే. కానీ ఎదుటివాళ్లలో ఇద్దర్ని మనం బ్లాక్ చేయకుండా రీడ్ చేస్తాం (వాళ్ల కదలిక చూసి తేల్చుకుంటాం), అంటే బ్లాక్ చేయాల్సింది 9 మందిని. ఒక్కడే తక్కువ. ఆ ఒక్కడు మైదానం అవతలి కొసన ఉండే కార్నర్‌బ్యాక్ అయ్యేలా చూసుకుంటే చాలు. ఈ లాభమంతా ఆ ఇద్దరూ ఏం చేసినా తప్పయ్యేలా చేయడం మీద నిలబడి ఉంది. అందులో మొదటివాడి దగ్గరే మనం చేతులెత్తేస్తే రెండోవాడి దాకా వెళ్లి ప్రయోజనం ఏముంది? పిచ్ తీసేయమన్నది అందుకే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. మిస్సోరీ యూనివర్సిటీ కోచ్ డాన్ ఫారో 1941లో స్ప్లిట్-టి ఫార్మేషన్‌లో దీన్ని మొదలుపెట్టారు. బాస్కెట్‌బాల్‌లో ఇద్దరు కలిసి ఒక్క డిఫెండర్ మీదికి వెళ్తే వాడు ఎవరి వైపు కదిలినా రెండోవాడికి బంతి వెళ్తుంది కదా, దాన్నే ఆయన ఫుట్‌బాల్‌లోకి తెచ్చారు. 1960ల నడుమ హ్యూస్టన్‌లో బిల్ యోమన్ వీర్ అనే ఆప్షన్ ఆటతో దాన్ని ఇంకా లోపలికి, డిఫెన్సివ్ లైన్ దాకా తెచ్చారు. 1968లో టెక్సస్ యూనివర్సిటీలో హెడ్ కోచ్ డారెల్ రాయల్ దగ్గర పనిచేస్తున్న ఎమరీ బెలార్డ్ విష్‌బోన్ అనే ట్రిపుల్ ఆప్షన్ ఫార్మేషన్‌ను పెట్టారు. మీకు పనికొచ్చే సంగతి అందులో ఉంది. ఆ సీజన్ మొదటి మ్యాచ్ డ్రా. రెండోది టెక్సస్ టెక్ చేతిలో ఓటమి. వాళ్లు విష్‌బోన్‌ను పారేయలేదు. క్వార్టర్‌బ్యాక్ స్థానంలో జేమ్స్ స్ట్రీట్‌ను తెచ్చారు, రీడ్ చేయడానికి కాస్త వ్యవధి దొరికేలా ఫుల్‌బ్యాక్‌ను కొంచెం వెనక్కి జరిపారు. ఆ తర్వాత వరసగా 30 మ్యాచ్‌లు గెలిచారు. 1969 జాతీయ చాంపియన్‌షిప్ కూడా అందులోదే.

క్వార్టర్‌బ్యాక్‌ను మార్చమని నేను చెప్పడం లేదు. ఫుల్‌బ్యాక్ ఎంత దూరంలో నిలబడుతున్నాడో మాత్రం ఇవాళే కొలవండి. ఫ్లెక్స్‌బోన్‌లో అతను బంతికి సుమారు 4 నుంచి 5 గజాల వెనక ఉంటాడు. పిల్లల జట్లలో ఫుల్‌బ్యాక్ ఉత్సాహం కొద్దీ ప్రతి ఆటకూ కొంచెం ముందుకు జరుగుతుంటాడు. ఎవరూ గమనించరు. మూడో క్వార్టర్ వచ్చేసరికి క్వార్టర్‌బ్యాక్ వీపుకు ఆనుకుని ఉంటాడు, అప్పుడు చూసి తేల్చుకునే సమయం సగానికి పడిపోతుంది. మా దగ్గర ప్రాక్టీస్ మైదానంలో పెయింట్‌తో గీత గీస్తాం. మ్యాచ్‌లో సైడ్‌లైన్ నుంచి ఒక కోచ్ పని అతని మడమలు చూడటమే.

ఇక మెష్ గురించి కాస్త వివరంగా రాస్తాను, మీ ఫంబుల్స్ పుడుతున్నది అక్కడే.

కుడివైపు ఆట అనుకుందాం. క్వార్టర్‌బ్యాక్ ముందు 12 గంటల వైపు గోల్ లైన్ ఉందనుకుంటే, స్నాప్ (లైన్ నడుమ ఉండే సెంటర్ వెనక్కి ఇచ్చే బంతి) అందుకోగానే అతని కుడికాలు 4 గంటల వైపు పడాలి. అదే అడుగుతో రెండు చేతులూ చాచి బంతిని ఎంత వెనక్కి అందితే అంత వెనక్కి తీసుకెళ్లాలి. బరువు వెనక కాలి మీద. ఫుల్‌బ్యాక్ గార్డ్ (లైన్‌లో సెంటర్ పక్కవాడు) బయటి తుంటి వైపు నేరుగా దూసుకెళ్తాడు, దారి మార్చడానికి వీల్లేదు. క్వార్టర్‌బ్యాక్ వైపు మోచేయి పైకి, రెండో చేయి పొట్ట కింద. బంతి ఆ జేబులో పడ్డాక క్వార్టర్‌బ్యాక్ బరువు వెనక కాలి నుంచి ముందు కాలి మీదికి మారుతూ ఫుల్‌బ్యాక్‌తో పాటు కదులుతాడు. బంతి క్వార్టర్‌బ్యాక్ ముందు తుంటి దాటేలోపు నిర్ణయం అయిపోవాలి. దాటిందంటే ఇక అది ఫుల్‌బ్యాక్‌దే, ఎవరేమనుకున్నా సరే.

ఫుల్‌బ్యాక్‌కు చెప్పాల్సింది: బంతిని మెత్తగా మూసి పట్టుకో, లాక్కోకు. క్వార్టర్‌బ్యాక్ చేతులు వెళ్లిపోయాక గట్టిగా బిగించు. వినడానికి చిన్న విషయమే కానీ ఇక్కడే గొడవంతా. మా జట్టులో ఒక ఫుల్‌బ్యాక్ ఉండేవాడు, మంచి బలమైన కుర్రాడు, తన దగ్గరికి వచ్చిన ప్రతి బంతినీ ఎలుగుబంటిలా హత్తుకునేవాడు. అందరూ క్వార్టర్‌బ్యాక్‌ను తిట్టేవారు. వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే క్వార్టర్‌బ్యాక్ ప్రతిసారీ సమయానికే లాగుతున్నాడు, వీడు వదలడం లేదు. తర్వాత కొన్నాళ్లు ఫుల్‌బ్యాక్ కళ్లు మూసుకుని మెష్ చేసే డ్రిల్ పెట్టాం, నడక వేగంతో. కళ్లు మూసుకుంటే చేతులతో తెలుసుకోక తప్పదు. మీరూ ముందు మీ వీడియోలో చూడండి, తప్పు మీరనుకున్నవాడిది కాకపోవచ్చు.

కళ్ల సంగతి. స్నాప్‌కు ముందే క్వార్టర్‌బ్యాక్ చూపు డైవ్ కీ మీద ఉండాలి. బంతి వైపు, ఫుల్‌బ్యాక్ వైపు చూడకూడదు. డైవ్ అంటే ఫుల్‌బ్యాక్ నేరుగా దూసుకెళ్లే పరుగు. మరి డైవ్ కీ అంటే ఎవరు? మన ట్యాకిల్ (లైన్‌లో గార్డ్‌కు బయట నిలబడేవాడు) ఎదురుగా గానీ అతనికి బయట గానీ లైన్ మీద ఉన్న మొదటి డిఫెండర్. అతను 1. అతని తర్వాతివాడు 2, పిచ్ కీ. ఆ తర్వాత పరుగును ఆపడానికి వచ్చే సేఫ్టీ లాంటివాడు 3, అతన్ని మన ఆటవైపు ఎ-బ్యాక్ (లైన్ చివర, కాస్త వెనక నిలబడే రన్నింగ్ బ్యాక్) బ్లాక్ చేస్తాడు. ప్రతి ఆటకూ ముందు క్వార్టర్‌బ్యాక్ ఈ మూడు అంకెలూ లెక్కపెట్టాలి. ప్రాక్టీస్‌లో పైకి గట్టిగా చెప్పించండి. చెప్పలేకపోతే స్నాప్ ఆపండి.

డైవ్ కీలో ఏం చూడాలి? మేము జెర్సీ మీది నంబర్ చూడమంటాం. మన ట్యాకిల్ అతన్ని వదిలేసి లోపలికి, లైన్‌బ్యాకర్ (ఎదుటి లైన్ వెనక నిలబడే డిఫెండర్) మీదికి వెళ్తాడు. అప్పుడు ఆ డిఫెండర్ ట్యాకిల్‌కు అతుక్కుని భుజాలు తిప్పి లోపలికి వస్తే లాగడమే. నంబర్ క్వార్టర్‌బ్యాక్‌కు ఎదురుగా కనిపిస్తుంటే, అంటే నేరుగా పైకి వచ్చినా, బయటికి జరిగినా, నిలబడి తటపటాయించినా ఇచ్చేయడమే. చివరిదాన్ని మళ్లీ చదవండి. వాడు తటపటాయిస్తే మనవాడు తటపటాయించనక్కర్లేదు. నిలబడిపోయినవాడు పక్క నుంచి దూసుకెళ్లే ఫుల్‌బ్యాక్‌ను చేయి చాచి పట్టుకోవాల్సిందే, మంచి ఫుల్‌బ్యాక్ దాన్ని విదిలించుకుని నాలుగు గజాలు తెస్తాడు.

డ్రిల్ ఒకటి చెప్తాను, పెద్ద సరంజామా అక్కర్లేదు. సెంటర్, క్వార్టర్‌బ్యాక్, ఫుల్‌బ్యాక్, అంతే. డైవ్ కీ స్థానంలో మీరు నిలబడండి. లోపలికి రండి, ఆగండి, పైకి రండి, సగం వచ్చి ఆగండి. ఎక్కువసార్లు ఆ చివరిదే చేయండి, మ్యాచ్‌లో అతనికి ఎదురయ్యేది అదే. మెష్ జరుగుతుండగా చేతి వేళ్లు కొన్ని పైకెత్తండి, ఎన్నో అతను గట్టిగా చెప్పాలి. చెప్పలేకపోతే కళ్లు బంతి మీదికి వెళ్లాయన్నమాట. ప్రతి ప్రాక్టీస్‌లో ఒక పావుగంట దీనికి కేటాయించండి, వార్మప్ అయిన వెంటనే, కాళ్లు అలసిపోకముందు. రెండో క్వార్టర్‌బ్యాక్‌నూ పక్కనే ఇంకో జతతో చేయించండి. ఆప్షన్‌లో క్వార్టర్‌బ్యాక్‌కు దెబ్బలు ఎక్కువ తగులుతాయి, రెండోవాడు సిద్ధంగా లేకపోతే మీ అఫెన్స్ ఒక్క ఆటతో మూతపడుతుంది.

లైన్ ఆటగాళ్ల మధ్య ఖాళీ గురించి మీరు అడగలేదు కానీ మీరు పంపిన ఫొటోలో చూశాను, మీ పిల్లలు భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. గార్డ్‌కూ ట్యాకిల్‌కూ మధ్య సుమారు 3 అడుగులు ఉంచండి. సెంటర్, గార్డ్ మధ్య 2 చాలు, లేకపోతే ఆ సందులోంచి లైన్‌బ్యాకర్ నేరుగా వచ్చేస్తాడు. ఖాళీ పెరిగితే డిఫెండర్లూ విడిపోతారు, ఎవరు 1, ఎవరు 2 అన్నది మీ వాడికి స్పష్టంగా కనిపిస్తుంది. చిన్న ఒళ్లున్న పిల్లలకు ఇదే వరం: ఎదుటివాణ్ణి నెట్టేయనక్కర్లేదు, అతనికీ దారికీ మధ్య నిలబడితే చాలు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ అకాడమీ జట్లు దశాబ్దాలుగా ఆప్షన్‌ను పట్టుకుని ఉండటానికి కారణం కూడా ఇదే. వాళ్లకు దొరికే లైన్ ఆటగాళ్లు పెద్ద యూనివర్సిటీ జట్ల కుర్రాళ్లంత భారీగా ఉండరు. నేవీ క్వార్టర్‌బ్యాక్ కీనన్ రేనాల్డ్స్ 2012 నుంచి 2015 మధ్య పరుగుతోనే 88 టచ్‌డౌన్‌లు చేశాడు. ఆర్మీ 2024లో 12 మ్యాచ్‌లు గెలిచి, అమెరికన్ కాన్ఫరెన్స్‌లో అడుగుపెట్టిన మొదటి ఏడాదే చాంపియన్ అయింది.

ఇక్కడో హెచ్చరిక. యూట్యూబ్‌లో పాల్ జాన్సన్ కోచ్‌గా ఉన్న కాలంనాటి జార్జియా టెక్ వీడియోలు చూసి నేర్చుకుంటున్నానన్నారు. రీడ్‌లు, అడుగులు నేర్చుకోవడానికి అంతకన్నా మంచివి దొరకవు. కానీ అందులో బయట ఎ-బ్యాక్‌లు డిఫెండర్ల మోకాళ్ల దగ్గరికి పడిపోయి బ్లాక్ చేయడం కనిపిస్తుంది. అది మీ పిల్లలకు నేర్పొద్దు. కాలేజీ నియమాల్లోనే 2022 నుంచి ట్యాకిల్ బాక్స్ (బంతి దగ్గర, లైన్ మధ్యలోని ప్రాంతం) బయట అఫెన్స్ నడుము కింద బ్లాక్ చేయడం నిషిద్ధం. చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ నియమాలు అంతకన్నా కఠినం. నిలబడి, చేతులతో, ఛాతీ మీద బ్లాక్ చేయడమే నేర్పండి. పెనాల్టీ కన్నా ముఖ్యంగా అవతలివాడి మోకాలు కూడా ఎవరో అమ్మానాన్నల పిల్లాడిదే.

జోన్ రీడ్ సంగతికొస్తాను. మీ వాట్సాప్ గ్రూప్‌లో మిగతా నాన్నలు ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) చూపించి ఒత్తిడి చేస్తున్నారన్నారు. అర్థం చేసుకోగలను. 2013 జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ కాలిన్ కేపర్నిక్ గ్రీన్‌బే మీద 181 గజాలు పరిగెత్తాడు. ఇంకో క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ 2019 సీజన్‌లో 1,206 గజాలు. చూసినవాడికి ఎవరికైనా మనమూ అలా ఆడదామనే అనిపిస్తుంది. కానీ పదమూడేళ్ల పిల్లల దగ్గర మూడు చిక్కులు. ఒకటి, షాట్‌గన్ స్నాప్. సెంటర్ బంతిని వెనక్కి గాల్లో విసరాలి, అది తల మీదుగానో కాళ్ల దగ్గరికో వస్తే క్వార్టర్‌బ్యాక్ చూపు ఎండ్ మీద నుంచి బంతి మీదికి పోతుంది, రీడ్ అక్కడితో అయిపోయినట్టే. రెండు, జోన్ బ్లాకింగ్‌లో అయిదుగురూ ఒకే అడుగుతో ఒకే వైపు కదలాలి, అది మీరు ఇప్పుడు సీజన్ మధ్యలో నేర్పలేరు. మూడోది అసలుది: అక్కడా ఒక డిఫెండర్‌ను వదిలేసి చూడాల్సిందే, అతను సగం వచ్చి ఆగాల్సిందే, మీ వాడు అదే చోట ఆగిపోవాల్సిందే. జబ్బు మారదు, గది మారుతుంది.

పిచ్ మళ్లీ ఎప్పుడు తేవాలి? నా కొలమానం ఏంటంటే, మీ డ్రిల్‌లో "సగం వచ్చి ఆగడం" చేసినప్పుడు అతను ఆలోచించకుండా ఇచ్చేస్తున్నాడా అన్నది. అది కుదిరాక తెండి. పిచ్ విషయంలో కోచ్‌లు రెండు రకాలు. కొందరు "పిచ్ చేయి, అవసరమైతే ఉంచుకో" అంటారు. ఈ వయసు పిల్లలకు నేను దానికి వ్యతిరేకం. "బంతి ఉంచుకో, పిచ్ కీ నీ మీదికి వస్తేనే పిచ్ చేయి" అని చెప్పండి. వెనక్కి వేసిన పిచ్ కింద పడితే అది బతికున్న బంతి, ఎవరు అందుకుంటే వాళ్లది. లాభం పెద్దదే, నష్టం కూడా అంత పెద్దదే.

పద్ధతి ఇది: బంతి లాగాక క్వార్టర్‌బ్యాక్ పక్కకు పరిగెత్తకూడదు, పిచ్ కీ లోపలి భుజం వైపు నేరుగా వెళ్లాలి. పక్కకు పరిగెత్తితే డిఫెండర్ కూడా తాపీగా పక్కకు జరుగుతూ ఇద్దరినీ కాస్తుంటాడు. మీదికి వెళ్తే వాడు తేల్చుకోక తప్పదు. పిచ్ అందుకునే ఎ-బ్యాక్ క్వార్టర్‌బ్యాక్‌కు 4 నుంచి 5 గజాల బయట, గజం వెనక ఉండాలి. ఇంకా దగ్గరైతే ఒకే డిఫెండర్ ఇద్దరికీ సరిపోతాడు. పిచ్ ఛాతీ దగ్గర నుంచి, బొటనవేలు కిందికి తిరిగేలా, అటువైపు ఒక అడుగు వేస్తూ. వెనక్కి పడిపోతూ గానీ, దెబ్బ తగిలాక గానీ వేయకూడదు. దెబ్బ తగిలితే బంతిని పొట్టకు అదుముకుని కిందపడటమే. రోజూ ప్రాక్టీస్ మొదట్లో ఇద్దరిద్దరుగా గీతల వెంట జాగింగ్ చేస్తూ అటూ ఇటూ పిచ్ చేసుకోమనండి, రెండు చేతులతోనూ. వాన సూచన ఉన్న వారం ఒక బకెట్ నీళ్లు తెచ్చి బంతిని ముంచి ఇవ్వండి. పిల్లలకు సరదా, మీకు టెన్షన్ తగ్గుతుంది.

ఎదుటి జట్లు ఊరికే ఉండవు. మీ స్థాయిలో ఎక్కువగా చూడబోయేది ఒకటి: ఎండ్ లోపలికి దూసుకొచ్చి ఫుల్‌బ్యాక్‌ను పడతాడు, అదే క్షణంలో లోపలి లైన్‌బ్యాకర్ అతని వెనక నుంచి బయటికి వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ను పడతాడు. మీ వాడు సరిగ్గానే లాగుతాడు, లాగి తలెత్తేసరికి ఎదురుగా లైన్‌బ్యాకర్. మా క్వార్టర్‌బ్యాక్ ఒకడికి ఒక మ్యాచ్‌లో వరసగా ఇలాగే అయింది. ఒక ఆటలో ఆరు గజాలు పోయాయి, స్టాండ్స్‌లో వాళ్ల నాన్న కేకలు. కుర్రాడు సైడ్‌లైన్‌కు వచ్చి "ఇక లాగను" అన్నాడు. "నీ రీడ్ కరెక్ట్, అలాగే చెయ్యి, మిగతాది నా పని" అని చెప్పి ట్యాకిల్ పని మార్చాం. లోపలికి దూసుకొచ్చేవాణ్ణి లోపలికే నెట్టడం తేలిక కదా. ట్యాకిల్ ఆ ఎండ్‌ను లోపలికి అదిమేశాడు, మేము రాకెట్ టాస్‌తో బంతిని నేరుగా బయటికి పంపాం. రెండుసార్లు అలా జరిగాక ఎండ్ లోపలికి రావడం తగ్గించాడు, మళ్లీ మామూలు ట్రిపుల్‌కు వెళ్లాం. మీకు అవసరమైన అదనపు ఆటలు ఇంతకు మించి ఎక్కువ లేవు: ట్రిపుల్, మిడ్‌లైన్ (ఇంకా లోపలి డిఫెండర్‌ను చూసి ఆడే ఆప్షన్), రాకెట్ టాస్, ఒక ప్లే-యాక్షన్ పాస్ (పరుగు ఆటలా నటించి విసిరేది). మిడ్‌లైన్ కూడా ఈ సీజన్‌కు వాయిదా వేసినా నష్టం లేదు.

పై సంఘటనలో నేను గట్టిగా నమ్మే విషయం ఒకటుంది, మీ వీడియో చూసే పద్ధతిని అది మార్చాలి. క్వార్టర్‌బ్యాక్‌కు మార్కులు వేసేటప్పుడు ఎన్ని గజాలు వచ్చాయో చూడకండి. ఒక కాగితం మీద డైవ్ కీ ఏం చేశాడు, మనవాడు ఏం చేశాడు, రెండే గడులు. ఇవ్వాల్సిన చోట ఇచ్చి గజం కూడా రాకపోతే అది రైటే. ఇవ్వాల్సిన చోట లాగి ఇరవై గజాలు పరిగెత్తితే అది తప్పే, ఆ రోజు చప్పట్లు కొట్టినా సరే. ఈ కాగితం అతనికి ఒక్కడికే చూపించండి, అందరి ముందు చదవకండి. పేరెంట్స్ గ్రూప్‌లో అసలు పెట్టకండి, ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు.

నిజంగా ఆప్షన్ వదిలేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. సెంటర్ నుంచి క్వార్టర్‌బ్యాక్‌కు స్నాపే సరిగ్గా చేరకపోతే. వారానికి ఒక్క ప్రాక్టీసే దొరికితే, ఇది అరకొరగా చేసే పని కాదు. నేరుగా గుద్దుకుంటూ వెళ్లే ఫుల్‌బ్యాక్ లేకపోతే, డైవ్‌కు ఎవరూ భయపడకపోతే మిగతా రెండూ పనిచేయవు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ క్వార్టర్‌బ్యాక్‌కు దెబ్బలు తినడం ఇష్టం లేకపోతే. కొందరు పిల్లలు ఆ మాట పైకి చెప్పరు, మెష్ దగ్గర ఆలస్యం రూపంలో చెప్తారు. అతన్ని పక్కకు పిలిచి, వాళ్ల నాన్న దగ్గర లేనప్పుడు, మెల్లగా అడగండి. "కొంచెం భయంగా ఉంది అంకుల్" అంటే అతన్ని ఎ-బ్యాక్‌గా పెట్టి వేరేవాణ్ణి వెతకండి. అందులో నామోషీ ఏమీ లేదు. మీ జట్టులో వేగంగా పరిగెత్తేవాడే క్వార్టర్‌బ్యాక్ కావాలన్న రూల్ కూడా లేదు. నేను చూసిన మంచి ఆప్షన్ క్వార్టర్‌బ్యాక్‌లలో కొందరు మామూలు వేగం ఉన్నవాళ్లే, కానీ ఒకసారి తేల్చుకున్నాక వెనక్కి చూసుకునేవాళ్లు కాదు.

వచ్చే శనివారం మ్యాచ్ ఉందన్నారు. ఎదుటి జట్టు లైన్ మీద నలుగుర్ని పెడుతుందా అయిదుగురినా, వాళ్ల ఎండ్ మన ట్యాకిల్‌కు ఎదురుగా నిలబడతాడా బయటి భుజం మీదా చెప్పండి. వీడియో ఉంటే గోల్ పోస్ట్ వెనక నుంచి తీసినది పంపండి, పక్క నుంచి తీసిన దాంట్లో మెష్ కనిపించదు. దాన్ని బట్టి మీ వాడు 1, 2, 3 ఎలా లెక్కపెట్టాలో ఇక్కడే రాస్తాను.